పస్తుల గది సీసాలక్క

సీసాలు కడగడం కూడా ఒక ఉద్యోగమేనా అని అడగదలచుకున్నవాళ్లు ఆవిడ ఎదుట అడగకపోవడమే వాళ్లకు క్షేమం. ఒకసారి పక్క విభాగం గుమాస్తా అడిగాడు. నవ్వుతూనే అడిగాడు పాపం. ఆవిడ అతని చేతిలోంచి మంచినీళ్ల గ్లాసు తీసుకుని, వెలుతురుకు పట్టి చూసి, "ఇది శుభ్రంగా ఉందా?" అంది.

"ఇప్పుడే కడిగాను కదండీ, తళతళలాడిపోతోంది."

"మా గదిలో దీన్ని మురిక్కాలవ అంటారు" అని గ్లాసు మళ్లీ అతని చేతిలో పెట్టేసి ఆవిడ తన దారిన పోయింది. అప్పటినుంచి ఆవిడ ఎదురొస్తుంటే అతను గోడవారకు జరిగి నిలబడతాడు.

ఆవిడకు నలభై ఏడేళ్లు. సముద్రాన్ని పరిశోధించే ఆ సంస్థలో పందొమ్మిదేళ్లుగా ఒకే గది, ఒకే పని. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా కనబడదు. పరిశోధన నడిపే పెద్దాయన దగ్గర్నుంచి గేటు కాపలా మనిషి దాకా అందరికీ ఆవిడ సీసాలక్కే.

ఆ గది సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే ఆవిడ కోపం అర్థం కాదు. నడిసముద్రంలో కంటికి ఆనని పచ్చటి సూక్ష్మజీవులు కోటానుకోట్లు బతుకుతుంటాయి. మొక్కల్లాగే అవీ ఎండతో తిండి వండుకుంటాయి. ఎండ ఉంటుంది, నీళ్లకు కొదవ లేదు, మిగతా పోషకాలూ ఉంటాయి. అయినా చాలాచోట్ల అవి ఎదగవు. కారణం ఇనుము. అది లేనిదే ఎండను పట్టుకుని తిండిగా మార్చే పని వాటి ఒంట్లో నడవదు. నడిసముద్రంలో ఆ ఇనుము ఎంత తక్కువంటే, ఒక ఈతకొలను నిండా నీళ్లు తెచ్చి వెతికినా చిటికెడు దొరకదు. అంత కరువులో ఈ జీవులు ఎలా నెట్టుకొస్తున్నాయి, ఒళ్లు తగ్గించుకుంటున్నాయా, పని తగ్గించుకుంటున్నాయా అని తెలుసుకోవడానికి వాటిని సీసాల్లో పెట్టి, ఇనుము అందకుండా వారాల తరబడి పస్తు పెడతారు. అందుకే దానికి పస్తుల గది అని పేరు పడిపోయింది. మిగతా ప్రయోగశాలల్లో ఏదైనా పెరిగితే సంబరపడతారు. ఇక్కడ సీసా పచ్చబడిందంటే తల పట్టుకుని కూర్చుంటారు.

పస్తు పెట్టడం ఏమంత కష్టం అంటారేమో. ఇనుము లేని చోటు ఒక్కటి చూపించమనండి చూద్దాం! తాళంచెవిలో ఉంది, కుర్చీ మేకులో ఉంది, కిటికీలోంచి వచ్చే దుమ్ములో ఉంది, మనిషి చెమటలోనూ ఉంది. అందుకని ఆ గదిలో గోడలకు ప్లాస్టిక్, బల్లలకు ప్లాస్టిక్, ఆఖరికి తలుపు పిడికి కూడా ప్లాస్టిక్కే. లోపలికి వెళ్లాలంటే తలకు టోపీ, చేతులకు మోచేతులు దాటే తొడుగులు వేసుకోవాలి. జేబులో చిన్న పిన్నీసు ఉన్నా బయటే వదిలేయాలి. ఒక్కో సీసా వారం రోజులు సబ్బునీళ్లలో, మరో వారం యాసిడ్ తొట్టిలో నానాలి. తర్వాత వడగట్టి వడగట్టి ఏమీ మిగలకుండా చేసిన నీళ్లతో మళ్లీ మళ్లీ కడిగి, రెండు సంచుల్లో ఒకదాంట్లో ఒకటి పెట్టి మూతి కట్టాలి. ఇదంతా చేసేది ఒక్క మనిషి.

ఇక దేవుడి పరాచికం ఏమిటంటే ఆవిడ మొగుడు వెల్డరు. ఇనుప గేట్లు, కిటికీ ఊచలు చేస్తాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అతని కనుబొమల మీద కూడా ఇనుప రజను ఉంటుంది. పెళ్లాం ఉద్యోగంలో చేరిన మొదటి వారమే అతనికి ఇంట్లో చట్టాలు పుట్టాయి. వెనక గుమ్మంలోంచి రావాలి. బట్టలు బయటి బకెట్లో పడేయాలి. స్నానం అయ్యేదాకా ఆవిడ ఆఫీసు బట్టలున్న బీరువా వైపు కన్నెత్తి చూడకూడదు. పందొమ్మిదేళ్లలో అతను ఒక్కసారి కూడా ఆ చట్టం దాటలేదు. సణుగుడు మాత్రం మానలేదు.

"వాడేమో ఇనుముతో బతుకుతాడు, నువ్వేమో ఇనుము తగలకుండా బతుకుతావు. మీ ఇద్దరికీ సంబంధం కుదిర్చిన మహానుభావులెవరే?" అంటుంది అత్తగారు.

"మీరే కదా అత్తయ్యా."

"అప్పుడు నాకేం తెలుసు, నువ్వు ఇలాంటి ఉద్యోగంలో చేరతావని!"

ఇన్నేళ్లూ ఆవిడ కడిగిన సీసాలు ఓడెక్కి వెళ్లాయి, నిండి తిరిగొచ్చాయి. పేరు తెలియని చోట్ల, నేల కనబడని నీళ్ల మధ్య ఎవరో వాటి మూతలు తీశారు. ఆవిడ మాత్రం ఒక్కసారీ వెళ్లలేదు. ప్రతి ప్రయాణానికీ ఏదో ఒకటి అడ్డొచ్చేది. ఒకసారి ఓడలో మంచం చాలలేదన్నారు, ఒకసారి చదువు చాలలేదన్నారు. పోయిన ఏడాది పెద్దాయన అందరి ముందూ మాట ఇచ్చాడు. "ఈసారి మనకు ఓడ మీద రెండు చోట్లు ఇచ్చారు. ఒకటి చిన్న డాక్టరుకి, రెండోది మన సీసాలక్కకి." ఆ రోజు ఆవిడ ఇంటికి నడిచి వెళ్లిందో ఎగిరి వెళ్లిందో ఆవిడకే గుర్తు లేదు. మర్నాడే వెళ్లి ఓడలో వేసుకోవడానికి బూట్లు కొనుక్కుంది. తాళ్లు దూర్చే కంతలకు లోహపు చుట్లు లేని బూట్లు కావాలని ఆవిడ పట్టుబట్టడంతో దుకాణం మనిషికి ఓపిక నశించి, చివరికి పిల్లల వర్షం బూట్లలో పెద్ద సైజు తీసిచ్చాడు.

ఓడ బయలుదేరడానికి నలభై రోజులుందనగా పస్తుల గదిలో సీసాలు పచ్చబడ్డాయి.

మొదట చూసింది చిన్న డాక్టరే. ఆ అమ్మాయి పైచదువు ముగించి వచ్చి రెండేళ్లయింది. సూక్ష్మజీవుల డాక్టరని ఎంత చెప్పినా వీధిలోవాళ్లు పిల్లల జలుబులకు మందు అడుగుతుంటారు. ఆ పొద్దున ఆమె సీసా పట్టుకుని బయటికి వచ్చి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది. పాలిపోయి ఉండాల్సిన నీళ్లు లేత చిగురు రంగులో ఉన్నాయి. అరవై సీసాల్లో ఇరవై రెండు అలాగే ఉన్నాయి.

పెద్దాయన వచ్చి చూశాడు. చూసి, సీసా వైపు కాకుండా సీసాలక్క వైపు తిరిగాడు.

"కడగడంలో ఎక్కడో తేడా వచ్చిందమ్మా."

"రాలేదు సార్."

"రాకపోతే ఇనుము ఎక్కణ్నుంచి వచ్చింది? సీసాలోకి నడిచొచ్చిందా?" అని కాస్త ఆగి, "మీ ఆయనది వెల్డింగ్ పనే కదా ఇంకా?" అన్నాడు.

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. పందొమ్మిదేళ్లుగా మొగుణ్ని వెనక గుమ్మంలోంచి నడిపించింది ఈ ఒక్క మాట పడకూడదనే. తీరా ఆ మాటే పడింది. 

"ముందు ఇది తేలాలి. మన సీసాల మీద మనకే నమ్మకం లేకపోతే ఓడ మీద వాటిని ఏం చేసుకుంటాం? నీ ప్రయాణం సంగతి తర్వాత చూద్దాం" అనేసి పెద్దాయన వెళ్లిపోయాడు.

ఆవిడ దాచి ఉంచిన కొత్త సీసాలన్నీ తీసి మళ్లీ యాసిడ్‌లో వేసింది. వారం రోజులు ఇంట్లో అందరికీ నరకం చూపించింది. పొద్దునా సాయంత్రం తలస్నానాలు. మొగుడి మంచం ముందుగదిలోకి మారింది. తువ్వాళ్లు వేరు, దువ్వెనలు వేరు.

"నేను మనిషినే, తుప్పు పట్టిన గేటును కాదు" అన్నాడు అతను దుప్పటి చంకన పెట్టుకుని.

"ఈ నెల గడిచేదాకా నువ్వు గేటువే" అంది ఆవిడ. అతను ఆవిడ మొహం ఒకసారి చూసి ముందుగదిలోకి నడిచాడు.

కొత్త సీసాలు నింపారు. పది రోజులకు మళ్లీ పచ్చ. ఈసారి ఇరవై.

ఆ రోజు ఆవిడ గది పక్కనున్న సామాన్ల అరలో కూర్చుని ఏడ్చింది. బాధతో కాదు, చేతకానితనం మీద కోపంతో. తప్పు చేసి తిట్లు తింటే సర్దుకోవచ్చు. చేయని తప్పుకు తిట్లు తింటే కొట్లాడవచ్చు. చేసిందో లేదో తనకే తెలియకపోతే ఏం చేయాలి? తన చేతుల మీద తనకే అనుమానం వచ్చాక ఇక మనిషికి మిగిలేదేముంది?

కళ్లు తుడుచుకుని తన నోటుపుస్తకం తీసింది. ప్రతి సీసాకూ నంబరు ఉంటుంది. ఏది ఏ తొట్టిలో నానింది, ఏ రోజు కడిగింది, ఏ రోజు నింపారు, అన్నీ ఆవిడ చేతిరాతలో ఉంటాయి. పెద్దాయన దగ్గరున్న పట్టికలో ఇవి ఉండవు, అక్కడ పెరుగుదల అంకెలే ఉంటాయి. పచ్చబడిన సీసాల నంబర్లు పక్కన రాసుకుంటూ పోయింది. మొదటి తొట్టివి ఉన్నాయి, రెండో తొట్టివి ఉన్నాయి, మూడోదీ ఉంది. కడిగిన రోజులు కూడా ఎలా పడితే అలా ఉన్నాయి. నింపిన రోజుల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ వేలు ఆగిపోయింది. సోమవారం, గురువారం, మళ్లీ సోమవారం, గురువారం. నలభై రెండు పచ్చసీసాల్లో ఒక్కటైనా మంగళవారానిది లేదు, బుధవారానిది లేదు.

సోమ, గురువారాల్లో పాత సీసాలోంచి జీవుల్ని తీసి కొత్త సీసాలో వేసేది పెద్దాయన. మిగతా రోజుల్లో చిన్న డాక్టరు.

పుస్తకం తీసుకెళ్లి ఆ అమ్మాయి ముందు పెట్టింది. ఆ అమ్మాయి చూసింది. ఆశ్చర్యపోలేదు. అదే సీసాలక్కకు ఒళ్లు మండించింది.

"నీకు ముందే తెలుసా డాక్టరమ్మా?"

"అనుమానం వచ్చిందక్కా..." అని ఆ అమ్మాయి నీళ్లు నమిలింది. "కానీ సార్‌తో ఎవరు చెబుతారు? ఆయనకి ముప్పై ఏళ్ల చెయ్యి."

"నాకు పందొమ్మిదేళ్ల చెయ్యి. దాన్ని మాత్రం ఎవరైనా అనొచ్చు, అంతేనా?"

అమ్మాయి తల దించుకుంది. దించుకున్న తలను చూసి జాలిపడే స్థితిలో ఆవిడ లేదు. "సార్ పిపెట్ ఇటివ్వు" అంది.

పిపెట్ అంటే నీళ్లు కొలిచి చుక్కచుక్కగా తీసే పరికరం. చివర ప్లాస్టిక్ కొస తగిలించి వాడతారు. వాడాక బొటనవేలితో మీట నొక్కితే పక్కనున్న చిన్న పుల్ల ఆ కొసను ఊడగొడుతుంది. అందరి పిపెట్లకూ ఆ పుల్ల ప్లాస్టిక్‌దే. పెద్దాయనది మాత్రం పాతకాలంది, స్టీలు పుల్ల. దాన్ని మార్చమని ఎవరన్నా అంటే "దీంతోనే నేను డాక్టరునయ్యాను" అని మురిసిపోతాడు. ఆవిడ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పింది. స్టీలు నున్నగా మెరుస్తోంది. ఎవరు చూసినా బాగుందనే అంటారు. కానీ వెల్డరుతో కాపురం చేసిన మనిషి నున్నటి చోట చూడదు. అతను వీధిలో ఏ గేటు కనబడినా ముందు కీలు దగ్గరే వంగి చూస్తాడు. తడి నిలిచేది అక్కడే, తుప్పు పుట్టేది అక్కడే. పుల్ల గొట్టానికి ఆనే మూలలో వెంట్రుకంత సన్నగా, టీ మరకలాంటి గీత ఒకటి కనబడింది. యాసిడ్ ఆవిర్లు రోజూ తగిలి తగిలి అక్కడ తుప్పు పట్టింది. పెద్దాయన మీట నొక్కినప్పుడల్లా ఆ రజను కొస మీదుగా సీసాలోకి రాలుతోంది. పస్తున్న జీవులకు ఆయనే స్వహస్తాలతో విందు చేస్తున్నాడన్నమాట.

ఆవిడ పిపెట్ పట్టుకుని నేరుగా ఆయన గదికి వెళ్లింది. వెనకాల చిన్న డాక్టరు కూడా వచ్చింది, ఎందుకొచ్చిందో ఆ అమ్మాయికే తెలియాలి. ఆయన చూస్తుండగా ఆ పుల్లను ఊడదీసి, కొద్దిపాటి యాసిడ్‌లో కాసేపు ఉంచి, ఇనుము ఉంటే ఊదారంగు తిరిగే మందు చిన్న డాక్టరు చేత రెండు చుక్కలు వేయించింది. నీళ్లు వంకాయరంగుకు తిరిగాయి.

పెద్దాయన దాన్ని వేలితో పక్కకు నెట్టాడు. "ఇది ఇంత యాసిడ్‌లో ముంచితే కదా. సీసాలోకి ఇంత దిగుతుందని ఏముంది?" అన్నాడు.

"అయితే పన్నెండు సీసాలు నింపండి సార్. అన్నీ ఒక్క తొట్టిలోవే, నేను ఒక్కరోజే కడిగినవే. ఆ పుల్ల మళ్లీ తగిలించి ఆరు మీ పిపెట్‌తో, ఆరు డాక్టరమ్మ పిపెట్‌తో. అన్నీ మీ చేత్తోనే."

ఆయన పన్నెండూ నింపాడు. తొమ్మిది రోజులు గడిచాయి. ఆ తొమ్మిది రోజులూ ఆవిడకు తిన్నది ఒంటబట్టలేదు. తప్పు పిపెట్‌దేనని తెలుసు, అయినా పొద్దున్నే గది తలుపు తీయగానే ముందు వాటినే చూసొచ్చేది. పదోరోజు సీసాలు బల్ల మీద వరసగా పెట్టారు. ఆరు పచ్చగా ఉన్నాయి. ఆరు పాలిపోయి, దాదాపు నీళ్లలాగే ఉన్నాయి.

"ఆ పిపెట్ తీసి అవతల పడేయండి" అన్నాడు పెద్దాయన. అంతే. పొరపాటు పడ్డానని గానీ, నిన్ను అనవసరంగా అన్నానని గానీ ఒక్క ముక్క లేదు. ఆవిడ దానికీ సర్దుకుంది. మాట కోసం కాదు కదా ఇంత తాపత్రయం. ఓడకు ఇంకా పద్నాలుగు రోజులుంది.

రెండు రోజుల తర్వాత పిలిపించాడు. బల్ల మీద ఓడ కాగితాలున్నాయి. ఈసారి మొహంలో ప్రసన్నత కూడా ఉంది.

"కూర్చోమ్మా. నిజం చెప్పాలంటే నువ్వు లేకపోతే ఈ ఏడాది పనంతా నీళ్లపాలయ్యేది. ముప్పై ఏళ్లుగా ఎంతోమందిని చూశాను. నీలా కడిగేవాళ్లు లేరు. నీ పుస్తకం లేకపోతే ఇది తేలేదే కాదు."

"సరే సార్" అంది ఆవిడ.

"అందుకే ఆలోచించాను. ఓడ వెళ్లొచ్చేసరికి నలభై రోజులు. ఇక్కడ పస్తు పెట్టిన సీసాలు ఆగవు కదా. ఆ నలభై రోజులు ఈ గదిని ఎవరి చేతిలో పెట్టను? నాకు నీ మీద తప్ప ఎవరి మీదా నమ్మకం లేదు. ఓడకి మన సామాన్లు చూసే స్టోరు ఆయన్ని పంపిస్తున్నాను. బరువులు ఎత్తగలడు, మూతలు తీసి నింపడమే కదా అక్కడ పని."

మూతలు తీసి నింపడమే కదా!  ఆవిడ గొంతు అనుకున్నదానికంటే నెమ్మదిగా వచ్చింది.

"తప్పు నాదయ్యుంటే పంపేవారు కాదు. తప్పు నాది కాదని తేలింది, ఇప్పుడూ పంపట్లేదు. మరి నేనేం చేసుంటే వెళ్లేదాన్నో చెప్పండి సార్."

పెద్దాయన కాగితాలు సర్దుకున్నాడు. సర్దినవే మళ్లీ సర్దాడు. "వచ్చే ప్రయాణానికి తప్పకుండా చూద్దాం" అన్నాడు.

ఇంటికి వెళ్లి జరిగింది చెప్పగానే మొగుడు మండిపడ్డాడు. ముందుగదిలో మంచం మీద పడుకున్న రోజులన్నిటి కోపమూ అందులో ఉంది. "రేపట్నుంచి వెళ్లకు. మానెయ్. అప్పుడు తెలుస్తుంది నీ విలువేంటో."

"మానేస్తే ఆ సీసాలు కడిగేదెవరు?" అంది ఆవిడ.

అన్నాక ఆగిపోయింది. పెద్దాయన అన్న మాటే అది, అచ్చంగా అదే, తన నోట్లోంచి ఊడిపడింది.  అత్తగారు "అన్నం తినండర్రా" అని లోపలికి పోయింది.

మర్నాడు ఓడకు పంపాల్సిన ఆఖరి సీసాలు కడగాలి. ఆవిడ తొడుగులు వేసుకుని నిలబడింది. కోపం చల్లారలేదు. ఒక్కటి, ఒక్క సీసా సరిగ్గా కడక్కుండా పంపిస్తాను అనుకుంది. నడిసముద్రంలో స్టోరు ఆయన మూత తీసి నింపుకుంటాడు, తెచ్చి పెడతాడు, యాసిడ్‌లో కరిగి మిగిలిన ఇనుముతో అది పచ్చబడుతుంది. అప్పుడు ఎవరి మీద పడతారో చూస్తాను. చేతికి అందిన సీసాను యాసిడ్‌లోంచి తీసి, ఒక్కసారి నీళ్లు పోసి, అలాగే వంచేసి మూత బిగించింది. రెండు సంచుల్లో పెట్టి మూతి కట్టింది. మిగతావాటి మధ్య పెట్టెలో పెట్టేసింది. ఎంత తేలికగా అయిపోయిందో!

తొడుగులు తీసేసి, టోపీ తీసేసి, బయటికి వచ్చి వరండా చివరిదాకా నడిచింది. గుమాస్తా ఎదురొచ్చి గోడవారకు తప్పుకున్నాడు. ఆవిడ అతన్ని చూడనేలేదు. వరండా చివర నిలబడింది. నిలబడి, తనను తాను నోటికొచ్చినట్టు తిట్టుకుంది. తర్వాత గిరుక్కున వెనక్కి తిరిగింది.

మళ్లీ టోపీ పెట్టుకుంది. మళ్లీ కొత్త తొడుగులు వేసుకుంది. పెట్టెలో సంచులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఏది కడగనిదో తనకొక్కదానికే తెలుసు. దాన్ని బయటికి లాగి, ముడి విప్పి, కళ్లలోంచి కారుతున్న నీళ్లు సీసాలో పడకుండా మొహం పక్కకు తిప్పుకుని, మొదటినుంచి కడగడం మొదలుపెట్టింది.